కొలొనోస్కోపీకి, ఎండోస్కోపీకి ఇంటి దగ్గర సిద్ధం కావడం ఎలా

మా నాన్నగారికి మొదటిసారి కొలొనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) చేసిన రోజున పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి తెర మీద చూపించారు. పెద్దపేగు గోడకు అంటుకొని టమాటా గింజలు, గోంగూర పీచు, తాలింపులో వేసిన ఆవాలు స్పష్టంగా కనిపించాయి. పరీక్షకు ముందు రోజు ఆయన గట్టి ఆహారమేమీ ముట్టుకోలేదు, పేగును కడిగే పొడి కలిపిన నీళ్లు కూడా తాగారు. అయితే అంతకు ముందు రోజు మధ్యాహ్నం గోంగూర పప్పుతో భోజనం చేశారనీ, పొడి నీళ్లలో చివరి రెండు గ్లాసులు తాగలేక పెరట్లో పారబోశారనీ తరువాత తెలిసింది. వారం తరువాత మళ్లీ చేయించవలసి వచ్చింది. ఆ రెండోసారి పేగు శుభ్రంగా ఉండబట్టి, మొదటిసారి మలం చాటున ఉండిపోయిన బఠాణీ గింజంత పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) కనిపించింది, అక్కడికక్కడే దాన్ని తీసివేశారు.

ఆ రోజు నుంచి, ఈ పరీక్షలకు వెళ్లే బంధువులందరికీ నేను ఒకే మాట చెబుతున్నాను. పరీక్షలో సగం పని ఇంట్లోనే జరుగుతుంది. ఎంత అనుభవమున్న డాక్టరైనా, ఎంత ఖరీదైన యంత్రమైనా, శుభ్రం కాని పేగులో దేన్నీ చూడలేదు. ఆసుపత్రిలో చేతికిచ్చే కాగితం మీద రెండు మూడు వాక్యాలే ఉంటాయి కాబట్టి, ఆ వాక్యాల వెనుక ఉన్న కారణాలను వివరంగా రాయడమే ఈ వ్యాసం ఉద్దేశం. మీ డాక్టరు మీకు ప్రత్యేకంగా ఏమైనా చెప్పి ఉంటే, ఇక్కడ రాసినదానికి అది భిన్నంగా ఉన్నా, దాన్నే పాటించాలి.

ఏ ఇబ్బందికి ఏ పరీక్ష

మన ఇళ్లలో పొట్టకు సంబంధించిన ప్రతి బాధకూ "గ్యాస్" అన్న ఒకే పేరు పెడతాం. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, భోజనం తరువాత ఉబ్బరం, వెన్నులోకి పాకే నొప్పి అన్నీ గ్యాసే. వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు గుండెనొప్పిని గ్యాస్ అనుకోవడం. నలభై దాటినవారికి, షుగరు, బీపీ, పొగ అలవాటు ఉన్నవారికి ఛాతీలో గానీ పైపొట్టలో గానీ బిగబట్టినట్టు నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే సోడా తాగి కూర్చోకుండా వెంటనే ఈసీజీ తీయించాలి. పొట్ట పరీక్షల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

అజీర్తి చేసిన ప్రతివారికీ ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) అక్కరలేదు. చిన్న వయసువారికి, ఇతర లక్షణాలేవీ లేనప్పుడు, డాక్టరు ముందుగా కొన్ని వారాలు మందులిచ్చి చూస్తారు. కానీ ముద్ద గొంతు దిగక అడ్డుపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత బయటపడినా, వాంతులు ఆగకపోయినా, మలం తారులాగా నల్లగా, జిగటగా వస్తున్నా ఆలస్యం చేయకూడదు. ఇవి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగాలను చూసే ఎండోస్కోపీకి దారితీసే లక్షణాలు. మలంలో ఎర్రటి రక్తం, నెలల తరబడి విరేచనాలు, ఇదివరకు లేని మలబద్ధకం, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ వంటివి ఉంటే కొలొనోస్కోపీ అవసరమవుతుంది. రక్తం కనిపించగానే మొలలని తేల్చుకొని, నాటుమందులతో ఏడాది గడిపినవారిని నేను చూశాను. మొలలు ఉన్నవారికి వాటితో పాటు పైన పేగులో కణితి కూడా ఉండవచ్చు కాబట్టి, మొలలు కనిపించినంత మాత్రాన వెతకడం ఆపకూడదు.

పిత్తాశయంలో రాళ్లకు, కాలేయానికి మొదటి పరీక్ష అల్ట్రాసౌండ్ స్కానింగే. దీనికి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. అన్నం తింటే పిత్తాశయం ముడుచుకుపోయి లోపలి రాళ్లు సరిగా కనిపించవు. పొత్తికడుపు కూడా చూడాలంటే నీళ్లు తాగి, మూత్రం పట్టి ఉంచుకోమంటారు.

ఎండోస్కోపీకి ముందు

ఈ పరీక్షకు సిద్ధం కావడం తేలిక. గట్టి ఆహారం ఆరు నుంచి ఎనిమిది గంటల ముందే ఆపాలి. ఉదయం పరీక్ష అయితే ముందు రోజు రాత్రి ఎనిమిదింటికల్లా తేలికగా భోజనం ముగించడం మంచిది. మంచినీళ్లు మాత్రం సాధారణంగా పరీక్షకు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. చాలామంది పొరపడేది టీ దగ్గర. "ఏమీ తినలేదండీ, టీ మాత్రం తాగాను" అని చెప్పి వెనక్కి వచ్చినవారు ఎందరో ఉన్నారు. పాలు కలిసిన ఏ పానీయమైనా కడుపులో ఆహారం కిందే లెక్క. మత్తులో ఉండగా అది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు కాబట్టి, పొరపాటున తాగితే దాచకుండా చెప్పాలి.

అల్సర్ ఉందేమోనని చూసేటప్పుడు, దానికి ముఖ్య కారణమైన హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బాక్టీరియా కోసం జీర్ణాశయం నుంచి చిన్న ముక్క తీసి అక్కడే ఒక పరీక్ష చేస్తారు. పసుపు రంగులో ఉండే బిళ్ల గులాబీ రంగుకు మారితే బాక్టీరియా ఉన్నట్టు. పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు వాడుతున్నప్పుడు, బాక్టీరియా ఉన్నా లేనట్టుగా ఫలితం రావచ్చు. అందుకే ఈ మాత్రలను రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ను నాలుగు వారాల ముందు ఆపవలసి ఉంటుంది. రక్తస్రావమైన అల్సర్ ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా వీటిని ఆపరాదు. అల్సర్లు మనోవ్యథ వల్ల, కారం వల్ల వస్తాయని లోకమంతా నమ్ముతున్న కాలంలో, ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో ఈ బాక్టీరియా సంగతి తేల్చారు. ఎవరూ నమ్మకపోవడంతో మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకొని చూపించారు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ఇప్పుడు సాధారణంగా 14 రోజుల మందులతో ఈ బాక్టీరియాను పోగొడుతున్నారు. కోర్సు పూర్తయిన నాలుగు వారాల తరువాత, అది నిజంగా పోయిందో లేదో శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో నిర్ధారించుకోవాలి. మన దగ్గర చాలామంది చేయించుకోనిది ఈ చివరి పరీక్షే.

అల్సర్లకు మరో పెద్ద కారణం నొప్పుల మాత్రలు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ గురించి డాక్టరుకు తప్పక చెప్పాలి. పెద్దవాళ్లు వీటిని మందుల కింద లెక్కించరు కాబట్టి, "ఇంకేమైనా వాడుతున్నారా" అని అడిగితే లేదంటారు. డబ్బాలో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లి చూపించడం ఉత్తమం.

కొలొనోస్కోపీకి ముందు

పని అంతా ఇక్కడే ఉంది. పరీక్షకు ఏడు రోజుల ముందు ఐరన్ మాత్రలు ఆపాలి. అవి మలాన్ని నల్లగా, జిగటగా మార్చి పేగు గోడకు అంటుకునేలా చేస్తాయి. మూడు రోజుల ముందు నుంచి పీచు, గింజలు ఉన్న ఆహారం మానాలి. మన వంటకాల్లో ఇది అనుకున్నంత తేలిక కాదు. ఆకుకూరలు, గోంగూర, బెండకాయ, వంకాయ, టమాటా, జామపండు, సీతాఫలం, నువ్వులు, పల్లీలు, పొట్టు తీయని పప్పులు, రాగిజావ, జొన్నరొట్టె అన్నీ పక్కన పెట్టాలి. తాలింపులో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు కూడా వేయకూడదు. ఆరోగ్యానికి మంచివని రోజూ మనం ఏరికోరి తినేవే ఈ మూడు రోజులూ మానవలసినవి. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, పొట్టు తీసిన పెసరపప్పుతో చేసిన పలుచని కట్టు, తొక్క తీసి ఉడికించిన బంగాళాదుంప, గుడ్డు, చేప, తెల్ల బ్రెడ్ తీసుకోవచ్చు. ఇడ్లీలోకి అల్లప్పచ్చడి, పల్లీ చట్నీ వద్దు.

ముందు రోజు ఉదయం తేలికపాటి ఫలహారం తరువాత, చాలా ఆసుపత్రులు తేట ద్రవాలనే అనుమతిస్తాయి. గ్లాసులో పోసి అటువైపు వేలు పెడితే కనిపించేదే తేట ద్రవం అనుకుంటే సరిపోతుంది. కొబ్బరి నీళ్లు, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ, వడకట్టిన యాపిల్ రసం, ఓఆర్‌ఎస్ నీళ్లు, మజ్జిగ మీద తేరే తేట ఇందులోకి వస్తాయి. ఎరుపు, ఊదా రంగుల పానీయాలు, బీట్‌రూట్, దానిమ్మ రసాలు తాగితే లోపల రక్తంలా కనిపించి డాక్టరును తికమక పెడతాయి.

ఇక పొడి సంగతి. ఎక్కువగా ఇచ్చేది పాలీఇథిలీన్ గ్లైకాల్, లవణాలు కలిసిన ప్యాకెట్. సాధారణంగా దాన్ని రెండు లీటర్ల నీటిలో కలపాలి, ప్యాకెట్ మీద కొలత వేరుగా ఉంటే దాన్నే పాటించాలి. ఈ ద్రవం ఒంటికి పట్టకుండా పేగులోనే ఉండి, మలాన్ని కడిగేసుకుంటూ బయటికి వస్తుంది. మొత్తం ముందు రోజు సాయంత్రమే తాగేయడం కంటే, సగం ముందు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు తాగితే పేగు బాగా శుభ్రపడుతుంది. తొమ్మిది గంటలకు పరీక్ష అయితే తెల్లవారుజామున నాలుగింటికి లేచి మొదలుపెట్టి, ఏడింటికి ముందే ముగించాలి. నిద్ర చెడుతుందని ఈ రెండో భాగాన్ని వదిలేసేవారు ఎక్కువ. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే పిత్తరసం పెద్దపేగు కుడి భాగాన్ని పూసేస్తుంది. ఆ పొరను కడిగేది ఈ తెల్లవారుజాము మోతాదే.

రుచి ఉప్పగా, వెగటుగా ఉంటుంది. దాన్ని ఫ్రిజ్‌లో చల్లబరిచి, స్ట్రాతో నాలుక వెనక్కి పడేలా తాగడం, గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నిమ్మచెక్క చప్పరించడం మా నాన్నగారికి రెండోసారి బాగా పనికొచ్చాయి. పావు లీటరు గ్లాసు చొప్పున పది, పదిహేను నిమిషాలకొకటి తాగాలి. వికారం వస్తే అరగంట ఆగి నెమ్మదిగా కొనసాగించాలి తప్ప పారబోయకూడదు. నిల్చొని ఇల్లంతా నడుస్తూ ఉంటే పొట్ట ఉబ్బరం తగ్గి విరేచనం త్వరగా మొదలవుతుంది. మరుగుదొడ్డి దగ్గరగా ఉండాలి. పెద్దవారికి రాత్రిపూట దారిలో లైటు వేసి ఉంచాలి, ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. పదిసార్లకు పైగా వెళ్లడం మామూలే. ప్రతిసారీ నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కొంచెం కొబ్బరినూనెగానీ వ్యాజలైన్‌గానీ రాసుకుంటే మంట పుట్టదు.

ఎప్పుడు చాలు అనుకోవాలి? బయటికి వచ్చేది మూత్రంలా పసుపుపచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటే పేగు సిద్ధమైనట్టు. గోధుమ రంగు నీరు వస్తున్నా, నలుసులు కనిపిస్తున్నా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి. అక్కడ ఎనిమా (మలద్వారం గుండా ద్రవం ఎక్కించడం) ఇవ్వడమో, మరికొంత ద్రవం తాగించడమో చేస్తారు. మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు తమ జబ్బు ముందే చెప్పి, తమకు సరిపడే పొడినే రాయించుకోవాలి. ఫాస్ఫేటు ఉన్న ద్రావణాలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఇంట్లో ఇంకొకరికి మిగిలిపోయిన ప్యాకెట్ వాడుకోవడం ఏమాత్రం తగదు.

షుగరు, బీపీ, రక్తం పలుచన చేసే మందులు

బీపీ మాత్రను పరీక్ష రోజు ఉదయం ఒక గుక్క నీటితో వేసుకోమని చాలామంది డాక్టర్లు చెబుతారు. షుగరు మాత్రల విషయం వేరు. తిండి లేని రోజున వాటిని మామూలుగా వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు మోతాదు ఎంత తగ్గించాలో ముందే రాయించుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలను మూడు రోజుల ముందే ఆపమంటారు, ఎందుకంటే ఉపవాసంలో అవి రక్తంలో ఆమ్లాలు పేరుకునేలా చేయగలవు. బరువు తగ్గడానికో షుగరుకో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వాడుతుంటే అదీ చెప్పాలి, దానివల్ల తిన్న ఆహారం కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. షుగరు ఉన్నవారికి వీలైతే ఉదయం మొదటి పరీక్షగా సమయం అడిగి తీసుకోవాలి. చేతి వణుకు, చెమట కనిపిస్తే గ్లూకోజు నీళ్లు తేట ద్రవమే కాబట్టి వెంటనే తాగించవచ్చు. పరీక్ష సమయం దగ్గరపడి ఉంటే, తాగించిన సంగతి ఆసుపత్రిలో చెప్పాలి.

గుండెలో స్టెంటు వేయించుకున్నవారు క్లోపిడోగ్రెల్ వంటి మందును తమంతట తాము ఆపడం పరీక్ష కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. ఆపాలా వద్దా, ఆపితే ఎన్ని రోజులు అన్నది గుండె డాక్టరు, పొట్ట డాక్టరు మాట్లాడుకొని తేల్చవలసిన విషయం. ఆస్పిరిన్‌ను చాలా సందర్భాల్లో ఆపనవసరం లేదు.

ఆసుపత్రిలో

తోడుగా ఒక మనిషి తప్పనిసరి. మత్తు ఇస్తే ఆ రోజంతా బండి నడపకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, ఒంటరిగా ఇంటికి వెళ్లకూడదు. కట్టుడు పళ్లు, కళ్లద్దాలు, నగలు ఇంట్లోనే ఉంచడం మేలు. పాత రిపోర్టులు, మందుల చీటీ, వేటికైనా అలర్జీ ఉంటే ఆ వివరం దగ్గర పెట్టుకోవాలి.

ఎండోస్కోపీ అయిదు నుంచి పది నిమిషాల్లో అయిపోతుంది. గొంతులో చేదుగా ఉండే మత్తు స్ప్రే కొట్టి, ఎడమవైపు పడుకోబెట్టి, పళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ కట్టు పెడతారు. వేలంత మందం కూడా లేని గొట్టం గొంతు దాటేటప్పుడు డోకు వస్తుంది. ఆ క్షణంలో గొంతు బిగించకుండా, లాలాజలం మింగకుండా బయటికి వదిలేస్తూ, ముక్కుతో నిదానంగా గాలి పీల్చుకుంటే చాలా తేలికవుతుంది. గొట్టం శ్వాసనాళంలోకి వెళ్లదు కాబట్టి ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఈ ఒక్క మాట ముందు తెలిస్తే సగం భయం పోతుంది. కొలొనోస్కోపీకి సుమారు అరగంట పడుతుంది, దాన్ని సాధారణంగా మత్తులోనే చేస్తారు. పెద్దపేగు చివరి దాకా వెళ్లాక, వెనక్కి తెస్తూ గోడను చూడడానికి కనీసం ఆరు నిమిషాలైనా తీసుకోవాలన్నది వైద్యులు పాటించే ప్రమాణం.

రిపోర్టు చదివేటప్పుడు "బోస్టన్ స్కోరు" అన్న మాట కోసం చూడండి. పెద్దపేగును మూడు భాగాలు చేసి, ఒక్కోదాని శుభ్రతకు 3 మార్కుల చొప్పున మొత్తం 9 వేస్తారు. ఏ భాగానికైనా 2 కన్నా తక్కువ వస్తే ఆ భాగం సరిగా కనిపించలేదని అర్థం. అప్పుడు "అంతా నార్మల్" అన్న మాటను నమ్ముకొని ఊరుకోకుండా, మళ్లీ ఎప్పుడు చేయించాలో అడగాలి.

పరీక్ష తరువాత

గొంతు తిమ్మిరి పోయేదాకా ఏమీ మింగకూడదు. తరువాత ముందు నీళ్లు, ఆపై ఇడ్లీయో పెరుగన్నమో తినవచ్చు. కొలొనోస్కోపీ తరువాత గాలి వల్ల పొట్ట ఉబ్బి ఉంటుంది, నడిస్తే పోతుంది. కానీ నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా, రక్తం ధారగా పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పేగుకు చిల్లు పడడం అరుదు, మామూలు పరీక్షలో వెయ్యి మందిలో ఒకరికి కూడా జరగదు. అయినా జరిగితే ప్రతి గంటా విలువైనదే. పాలిప్ తీసినచోట రక్తస్రావం రెండు వారాల వరకు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, ఆ రోజుల్లో దూర ప్రయాణాలు పెట్టుకోకూడదు.

"ముక్క తీశారు" అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. బయాప్సీ అంటే క్యాన్సర్ అని కాదు. పైలోరి బాక్టీరియా, పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి (పేగులో ఏళ్ల తరబడి వాపు ఉండే జబ్బు) వంటి ఎన్నిటినో తేల్చడానికి ముక్క కావాలి. ముఖ్యంగా పేగు క్షయ, క్రోన్స్ పైకి ఒకేలా కనిపిస్తాయి, వాటి మందులు మాత్రం పూర్తిగా వేరు. అందుకని బయాప్సీ రిపోర్టు వచ్చాక డాక్టరును మళ్లీ కలవడం మానకూడదు. తీసిన పాలిప్ అడినోమా రకమని తేలితే, అది ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారగలిగినదాన్ని ముందే తీసివేసినట్టు. 10 మిల్లీమీటర్లు, అంతకు మించిన అడినోమా అయితే సాధారణంగా 3 ఏళ్లకు మళ్లీ చూస్తారు. చిన్నవి ఒకటి రెండే అయితే ఇంకా ఎక్కువ కాలం ఆగవచ్చు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, నలభయ్యో ఏట గానీ, వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలి.

కామెర్లు, ఈఆర్‌సీపీ, స్టెంటు

కామెర్లు రాగానే పసరు తాగించడం, చేతి మీద వాత పెట్టించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. కానీ పిత్తనాళంలో రాయో కణితో అడ్డుపడి వచ్చిన కామెర్లలో మలం సున్నంలా తెల్లబడుతుంది, మూత్రం ముదురుతుంది, ఒళ్లంతా దురద పెడుతుంది. దానికి పసరు తాగుతూ కూర్చుంటే, చలిజ్వరంతో రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకే ప్రమాదముంది. ఇటువంటప్పుడు స్కానింగ్ చేసి, ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో నోటి ద్వారానే గొట్టం పంపి, నాళం ముఖద్వారాన్ని కొద్దిగా కోసి రాయిని లాగేస్తారు. ఈ రకమైన చికిత్సలకు హైదరాబాద్ పేరు పొందింది. ఇక్కడ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఖర్చు భరించలేనివారికి నిమ్స్, ఉస్మానియా, విశాఖపట్నం కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ వంటి చోట్ల కూడా ఉదరకోశ వ్యాధుల విభాగాలున్నాయి.

ఈఆర్‌సీపీ చేసినవారిలో నూటికి 3 నుంచి 10 మందికి క్లోమం వాచి తీవ్రమైన పొట్టనొప్పి రావచ్చు. అందుకే ఇది కేవలం చూడడానికి చేసే పరీక్ష కాదు, తీయవలసినదేదో ఉందని తేలాక చేసే చికిత్స. నాళంలో ప్లాస్టిక్ స్టెంటు (దారి మూసుకుపోకుండా ఉంచే సన్నని గొట్టం) పెడితే, దాన్ని సాధారణంగా మూడు నెలల్లోపు తీసివేయాలి, లేదా మార్చాలి. నొప్పి తగ్గింది, కామెర్లు పోయాయి, ఇక ఎందుకులే అని ఊరుకుంటే ఆ స్టెంటు పూడుకుపోయి, దాని చుట్టూనే కొత్త రాళ్లు కట్టి, మొదటికన్నా పెద్ద జబ్బుతో మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది. డిశ్చార్జి కాగితంలో స్టెంటు అన్న మాట ఉందేమో ఇంటికి బయలుదేరే ముందే చదవండి. ఉంటే, అది ప్లాస్టిక్‌దా లోహందా, ఏ తేదీకి తీయాలి అని అడిగి, ఆ తేదీని ఇంటికి చేరగానే గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసి పెట్టండి.